ఎరుపా, తెలుపా: ఇంగ్లండు మగవారి వైన్ రుచుల చరిత్ర

వైన్ రంగు ద్రాక్ష రసంలో ఉండదు, తొక్కలో ఉంటుంది. నల్లద్రాక్షను చిదిమినా చాలా రకాల్లో వచ్చేది దాదాపు రంగులేని రసమే. ఆ రసాన్ని తొక్కలు, గింజలతో సహా పులియబెడితే రంగు దిగుతుంది, దానితోపాటు నాలుకను పట్టేసే వగరూ దిగుతుంది. అది రెడ్ వైన్. పులవకముందే తొక్కలు తీసేసి రసాన్ని మాత్రమే పులియబెడితే వైట్ వైన్. తెలుగునాట ‘వైన్స్’ అన్న బోర్డు కింద ఎక్కువగా అమ్ముడయ్యేవి విస్కీ, బ్రాందీ, బీరు. ఇక్కడ వైన్ అంటే ద్రాక్ష రసాన్ని పులియబెట్టి తీసిన మద్యం అని మాత్రమే అర్థం.

రెడ్ వైన్ మగవారిదనీ, వైట్ వైన్ ఆడవారిదనీ పాశ్చాత్య దేశాల్లో చాలాకాలంగా ఒక మాట ఉంది. వగరు, ఘాటు మగవారి నోటికి నప్పుతాయని, తేలికదనం, తీపి ఆడవారికి నచ్చుతాయని దానికి కారణం చెబుతారు. ఈ భావన గట్టిగా వేళ్లూనిన దేశాల్లో ఇంగ్లండు ఒకటి. ద్రాక్ష పంట పెద్దగా లేని ఆ దేశానికి వైన్ దాదాపు అంతా ఓడల మీదే రావాల్సి వచ్చేది. అందువల్ల ఏ వైన్ ఏ రేవు నుంచి వచ్చింది, దాని మీద సుంకం ఎంత, ఆ రాజ్యంతో స్నేహమా యుద్ధమా అన్న లెక్కలన్నీ రికార్డుల్లో మిగిలాయి. వాటిని వరసగా చూస్తే, ఇంగ్లండు మగవారి రుచిని మలచడంలో నాలుక కంటే రాజ్యాల తగాదాలకే పెద్ద పాత్ర ఉందని తెలుస్తుంది.

రోములో తెల్ల వైన్ గౌరవం

ఎరుపు మగవారి రంగు అన్న భావన ప్రాచీన కాలం నుంచి వచ్చింది కాదు. రోమన్లు అన్నిటికంటే గొప్పదిగా ఎంచిన ఫలెర్నియన్ తెల్ల వైన్. లాటియం, కంపానియా ప్రాంతాల సరిహద్దులో, మాసికస్ కొండ వాలుల్లో పండిన ద్రాక్షతో దాన్ని చేసేవారు. ఏళ్ల తరబడి జాడీల్లో నిల్వ ఉంచితే తేనె రంగుకు తిరిగేది. నిప్పు చూపితే మండే వైన్ ఇదొక్కటేనని క్రీ.శ. 1వ శతాబ్దికి చెందిన రోమన్ రచయిత ప్లినీ రాశాడు. క్రీ.పూ. 121లో, ఒపీమియస్ కాన్సుల్‌గా ఉన్న ఏడాది తీసిన వైన్‌కు తరతరాలపాటు పేరు నిలిచింది. సేనాధిపతులు, సెనేటర్లు విందుల్లో గర్వంగా పోయించుకున్న వైన్లలో ఫలెర్నియన్‌ది మొదటి వరస.

ప్లినీ వైన్‌కు నాలుగు రంగులు చెప్పాడు: తెలుపు, కపిలం, నెత్తురు ఎరుపు, నలుపు. వాటిలో ఏదీ మగవారిదని గానీ ఆడవారిదని గానీ విడదీయలేదు. తొలినాళ్ల రోములో ఆడవారికి అసలు వైన్ తాగే హక్కే లేదు. తాగారో లేదో వాసన పట్టడానికి దగ్గరి బంధువులు వారి నోటిని ముద్దు పెట్టుకునేవారని పాత రచయితలు చెప్పారు. తాగే హక్కే మగవారిదైన చోట రంగును బట్టి వాటాలు వేసుకునే అవసరం రాలేదు.

ఎరుపుకు పనికొచ్చే ఒక ఆలోచన మాత్రం ఆ కాలంలోనే వైద్యం నుంచి పుట్టింది. క్రీ.శ. 2వ శతాబ్దిలో వైద్యుడు గేలెన్ చిక్కటి ఎర్ర వైన్ ఒంట్లో రక్తాన్ని పెంచుతుందని బోధించాడు. రక్తం, వేడి, బలం మగతనానికి గుర్తులుగా భావించిన ఆ వైద్యం యూరప్‌ను వెయ్యేళ్లకు పైగా ఏలింది. ఎర్ర వైన్‌కు మగతనం అంటగట్టే వేళకు ఈ పాత శాస్త్రం చేతికి సిద్ధంగా ఉంది.

బోర్డో నుంచి వచ్చిన క్లారెట్

1152లో ఫ్రాన్సు నైరుతిలోని అక్విటేన్ ప్రభువు కూతురు ఎలెనార్, హెన్రీ ప్లాంటాజెనెట్‌ను పెళ్లాడింది. రెండేళ్లకు హెన్రీ ఇంగ్లండు రాజయ్యాడు. పెళ్లితో వచ్చిన గాస్కనీ ప్రాంతం, దాని రేవు బోర్డో మూడు వందల ఏళ్లు ఇంగ్లండు రాజుల ఏలుబడిలో ఉన్నాయి. ఏటా పంట చేతికి రాగానే శరదృతువులో ఒక ఓడల దండు, వసంతంలో మరొకటి వైన్ పీపాలతో ఇంగ్లండు రేవులకు సాగేవి. 1308-09లో బోర్డో నుంచి లక్ష టన్‌లకు పైగా వైన్ ఎగుమతి అయింది. టన్ అంటే సుమారు 900 లీటర్లు పట్టే పెద్ద పీపా. ఓడ ఎన్ని టన్‌లు మోస్తుందో చెప్పే అలవాటు నుంచే ఓడల పరిమాణాన్ని టన్నుల్లో చెప్పే పద్ధతి వచ్చింది.

ఆ రోజుల్లో బోర్డో వైన్ నేటి చిక్కటి ముదురెరుపు వైన్ కాదు. తొక్కలతో కొద్దికాలమే నాననిచ్చి తీసిన లేత ఎరుపు రసం. ఫ్రెంచివారు దాన్ని క్లేరే అంటే, ఇంగ్లీషువారి నోట్లో క్లారెట్ అయింది. సీసాలో దాచే పద్ధతి ఇంకా రాలేదు. పీపా తెరిచాక గాలి తగిలి పులుపెక్కేది. ఏడాది తిరిగి కొత్త వైన్ వచ్చేసరికి పాతది ఎవరికీ అక్కరలేక చవకగా అమ్ముడయ్యేది. లండన్ వైన్ వర్తకుడి కొడుకైన కవి జెఫ్రీ చాసర్‌కు 1374లో మూడో ఎడ్వర్డ్ రాజు రోజుకు ఒక కూజా వైన్ మంజూరు చేశాడు. అప్పటి ఇంగ్లండులో వైన్ కొనగలిగిన మగవాడికి క్లారెట్ రోజువారీ పానీయం. అది మగవారి రుచి కావడానికి కారణం బోర్డో వారి రాజు సొత్తు కావడమే.

1453 జూలై 17న కాస్తిల్లో దగ్గర జరిగిన యుద్ధంలో జాన్ టాల్బట్ నడిపిన ఇంగ్లీషు సేన ఓడింది, టాల్బట్ చనిపోయాడు. గాస్కనీ ఫ్రాన్సు వశమైంది. వైన్ రాక ఆగలేదు కానీ, సొంత నేల మీద పండిన వైన్ అన్న హక్కు మాత్రం పోయింది.

సైనికుడి చేతిలో తెల్ల వైన్

16వ శతాబ్దిలో ఇంగ్లండు కొత్త రుచి నేర్చింది. స్పెయిన్‌లోని హెరెత్ ప్రాంతం నుంచి, కేనరీ దీవుల నుంచి, మాలగ నుంచి వచ్చిన తెల్ల వైన్లను శాక్ అనేవారు. హెరెత్ పేరే ఇంగ్లీషు నోట తిరిగి షెర్రీ అయింది. 1587లో ఫ్రాన్సిస్ డ్రేక్ కాడిజ్ రేవు మీద దాడి చేసినప్పుడు దోచిన సరుకులో సుమారు 2,900 పెద్ద పీపాల షెర్రీ ఉందని చెబుతారు. శత్రువు నుంచి కొల్లగొట్టిన ఆ పానీయం లండన్ తాగుడు కొట్లలో గర్వకారణమైంది.

షేక్‌స్పియర్ నాటకం ‘నాలుగో హెన్రీ’ రెండో భాగంలో ఫాల్‌స్టాఫ్ అనే ముసలి సైనికుడు షెర్రీ మహిమను పొగుడుతూ ఒక పెద్ద ప్రసంగమే చేస్తాడు. అది మెదడును చురుకు చేస్తుందని, రక్తాన్ని వేడెక్కించి పిరికివాడికి సైతం ధైర్యం పోస్తుందని అతడి వాదన. యువరాజు వీరుడు కావడానికీ అదే కారణమంటాడు. మగతనం, వీరత్వం అన్నీ ఇక్కడ తెల్ల వైన్ ఖాతాలో పడ్డాయి. 1630లో మొదటి చార్లెస్ రాజు కవి బెన్ జాన్సన్‌కు ఏటా ఇచ్చిన కానుకలో కేనరీ వైన్ పీపా కూడా ఉంది. ఎరుపు మగవారి రుచి అన్న మాట నాటి ఇంగ్లండులో ఎవరికీ తట్టి ఉండదు.

సుంకం నేర్పిన రుచి

17వ శతాబ్ది నడుమ నుంచి బోర్డో వైన్ మారసాగింది. ఒకే తోట పేరు మీద, ఎక్కువ ధరకు, కొంతకాలం నిలవుండే వైన్ తయారయింది. 1663 ఏప్రిల్ 10న లండన్‌లోని ఒక తాగుడు కొట్లో ఓ-బ్రియో తోట వైన్ రుచి చూసిన నౌకాదళ ఉద్యోగి శామ్యూల్ పీప్స్, ఆ విషయం తన దినచర్యలో రాసుకున్నాడు. డబ్బున్న మగవారి రుచి మళ్లీ బోర్డో వైపు తిరుగుతున్న కాలం అది.

ఆ దారికి ఫ్రాన్సుతో తగాదా అడ్డుపడింది. 1679 నుంచి 1685 వరకు ఇంగ్లండు ఫ్రెంచి వైన్‌ను నిషేధించింది. 1689లో మొదలైన యుద్ధంతో ఆంక్షలు, భారీ సుంకాలు తిరిగివచ్చాయి. వర్తకులు మరో రేవు వెతుక్కున్నారు. పోర్చుగల్‌లో దూరో నది లోయ వైన్ ఓపోర్తో రేవు నుంచి వచ్చేది, ఆ రేవు పేరుతోనే దాన్ని పోర్ట్ అన్నారు. 1703 డిసెంబర్ 27న ఇంగ్లండు రాయబారి జాన్ మెథుయెన్ పోర్చుగల్‌తో కుదిర్చిన ఒప్పందం ఈ మార్పును స్థిరపరచింది. ఇంగ్లీషు ఉన్ని బట్టలను పోర్చుగల్ రానిస్తుంది, పోర్చుగీసు వైన్ మీద ఇంగ్లండు వేసే సుంకం ఫ్రెంచి వైన్ మీది సుంకం కంటే మూడో వంతు తక్కువ ఉంటుంది. ఉన్ని వర్తకుల కోసం రాసిన ఈ షరతు నూరేళ్లకు పైగా ఇంగ్లండు భోజనాల బల్ల మీద ఏ వైన్ ఉండాలో నిర్ణయించింది. 18వ శతాబ్దిలో చాలాకాలం దిగుమతి అయిన వైన్‌లో సగానికి మించి పోర్చుగీసుదే.

దూరో లోయలో ఎండ తీవ్రం, నేల పలకరాయి. కోత ముగిశాక ద్రాక్షను రాతి తొట్లలో పోసి, కూలీలు భుజాల మీద చేతులు వేసుకుని, వరసలు కట్టి గంటల తరబడి కాళ్లతో తొక్కేవారు. కాలి మెత్తదనానికి గింజలు పగలవు కనుక చేదు దిగదు, తొక్కలు మాత్రం నలిగి రంగంతా వదిలేస్తాయి. వైన్ సముద్ర ప్రయాణంలో చెడిపోకుండా మొదట కొద్దిగా బ్రాందీ కలిపేవారు. తరువాత తరువాత, రసం సగం పులిసి ఇంకా తీపి మిగిలి ఉండగానే బ్రాందీ కలపడం ఆనవాయితీ అయింది. దాంతో పులియడం ఆగిపోతుంది, తీపి నిలుస్తుంది, మత్తు పెరుగుతుంది. ముదురెరుపు, తీపి, ఘాటు కలిసిన నేటి పోర్ట్ అలా ఏర్పడింది. పీపాలను అడుగు చదునైన పడవల్లో సుడులు దాటించి, ఓపోర్తోకు ఎదురుగా ఉన్న గాయా గిడ్డంగులకు చేర్చేవారు.

గిరాకీ పెరిగేసరికి కల్తీ వచ్చింది. రంగు కోసం ఎల్డర్ అనే చెట్టు పండ్ల రసం, మత్తు కోసం చౌక సారా కలిపారు. పేరు చెడి ధరలు పడిపోయాయి. 1756లో, తరువాతి కాలంలో పోంబల్ మార్క్విస్‌గా పేరుపొందిన పోర్చుగల్ మంత్రి దూరో వైన్ కోసం ఒక ప్రభుత్వ కంపెనీ పెట్టించాడు. పోర్ట్ పండే నేలకు రాతి కంబాలతో హద్దులు పాతించాడు, ఆ ప్రాంతంలోని ఎల్డర్ చెట్లను పెరికించాడు. హద్దులు గీసి కాపాడిన తొలి వైన్ ప్రాంతాల్లో దూరో ఒకటి.

బల్ల చుట్టూ తిరిగిన కూజా

పోర్ట్ మగవారిదవడానికి ఇంగ్లండు ఇళ్లలోని ఒక ఆచారం కూడా తోడ్పడింది. సంపన్నుల ఇళ్లలో రాత్రి భోజనం ముగిశాక బల్ల గుడ్డ తీసేసి పండ్లు, గింజలు పెట్టేవారు. కాసేపటికి ఆడవారు లేచి మరో గదికి వెళ్లేవారు. మగవారు మాత్రం బల్ల దగ్గరే ఉండి పోర్ట్ తాగేవారు. పోర్ట్ అడుగున మడ్డి పేరుకుంటుంది. అందుకని సీసాను కదలకుండా మెల్లగా వంచుతూ, మెడ వెనక కొవ్వొత్తి వెలుగు పెట్టి, మడ్డి మెడ దాకా రాగానే ఆపి, తేట వైన్‌ను గాజు కూజాలోకి వంపేవారు. ఆ కూజాను యజమాని ఎడమ చేతివైపు ఉన్నవాడికి అందిస్తే, అదే దిశలో బల్ల చుట్టూ తిరిగి వచ్చేది. దాన్ని తన దగ్గరే ఆపుకోవడం మర్యాద కాదు. రాజకీయం, గుర్రప్పందేలు, వేట, ఆడవారి ఎదుట ఆడకూడని మాటలు అన్నీ ఆ గంటలోనే సాగేవి. అవతలి గదిలో ఆడవారికి టీ, కాఫీ. ఎర్ర వైన్‌కు ‘మగవారి గది’ అన్న గుర్తు పడింది ఇక్కడే.

ఈ గుర్తుకు మాటల రూపం ఇచ్చినవాడు రచయిత డాక్టర్ శామ్యూల్ జాన్సన్. 1779 ఏప్రిల్ 7న చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్ ఇంట భోజనంలో వైన్ల గురించి చర్చ సాగింది. చాలాకాలంగా వైన్ మానేసిన జాన్సన్‌ను, పాత జ్ఞాపకం మీద కాక ఇప్పటి రుచి మీద తీర్పు చెప్పమని ఒప్పించి ఒక గ్లాసు క్లారెట్ తాగించారు. ఆయన తల అడ్డంగా ఊపి, అది పసలేని సరుకన్నాడు. క్లారెట్ కుర్రవాళ్లకనీ, పోర్ట్ మగవాళ్లకనీ, వీరుడు కావాలనుకునేవాడు బ్రాందీ తాగాలనీ తేల్చాడు. 1791లో అచ్చయిన, బాస్వెల్ రాసిన జాన్సన్ జీవితచరిత్ర ఈ తీర్పును దేశమంతటా పాకించింది. రెండు ఎర్ర వైన్ల మధ్యే మగతనాన్ని మత్తు తూకంతో కొలిచిన తీర్పు అది.

వైద్యులు కూడా పోర్ట్‌ను బలాన్నిచ్చే మందుగా రాసిచ్చేవారు. పిన్న వయసులోనే ప్రధాని అయిన విలియం పిట్‌కు కుర్రతనంలోనే ఆంథొనీ ఆడింగ్టన్ అనే వైద్యుడు పోర్ట్ తాగమన్నాడు. జీవితాంతం ఎక్కువగా తాగిన పిట్ 1806లో 46 ఏళ్లకే చనిపోయాడు. కీళ్లు వాచి మంటలెత్తే గౌట్ జబ్బు ఆ వర్గం మగవారిలో ఎంత సాధారణమైందంటే, పోర్ట్ గ్లాసు, కట్టు కట్టిన కాలు నాటి వ్యంగ్య చిత్రాల్లో జంటగా కనిపిస్తాయి.

స్కాట్లండులో రుచి వేరు. ఫ్రాన్సుతో పాత స్నేహం వల్ల అక్కడ క్లారెటే పెద్దల పానీయం. లీత్ రేవులో కొత్త పీపా దిగితే బండి మీద వీధుల్లో తిప్పుతూ కూజాల లెక్కన అమ్మేవారని చెబుతారు. 1707లో రెండు రాజ్యాలు కలిశాక ఇంగ్లీషు సుంకాలు అక్కడికీ వచ్చినా, దొంగ రవాణాతో క్లారెట్ నిలిచింది. స్కాట్లండు వాడు క్లారెట్ తాగినన్నాళ్లు తలెత్తుకు నిలిచాడనీ, పోర్ట్ తాగించాక నీరుగారిపోయాడనీ అక్కడి కవి జాన్ హోమ్ పద్యం చెప్పాడు. పొరుగున ఉన్న ఇద్దరు మగవాళ్లలో ఒకడికి పోర్ట్ మగతనమైతే, మరొకడికి అదే బానిసత్వం.

మద్రాసు, కలకత్తాల బల్లల మీద

1611లో మచిలీపట్నంలో, తరువాత మద్రాసులో కోఠీలు పెట్టిన ఈస్టిండియా కంపెనీ వారి రుచిని కూడా ఓడల దారే నిర్ణయించింది. తొలినాళ్లలో పర్షియా షిరాజ్ వైన్ తూర్పు కోఠీలకు వచ్చేది. తరువాత అట్లాంటిక్‌లోని మెదీరా దీవి వైన్ ఆ స్థానం తీసుకుంది. ఇండియాకు వచ్చే ఓడలు ఆ దీవి దగ్గర ఆగి పీపాలు ఎక్కించుకునేవి. ఉష్ణ మండలం దాటే నెలల్లో ఓడ అడుగున వేడికి వైన్ చెడాల్సింది పోయి మెరుగైంది. పోయివచ్చిన వైన్‌కు ధర ఎక్కువ పలకడంతో, పీపాలను కావాలనే ఇండియా దాకా తిప్పి తీసుకుపోయిన రోజులున్నాయి. తేనె, గోధుమ రంగుల్లో ఉండే మెదీరా ఇండియాలోని ఇంగ్లీషు మగవారికి అలవాటైన పానీయం. ఎండలో చెడని వైన్ ఏదో అదే ఇక్కడ మగవారి వైన్ అయింది.

కలకత్తా విందుల్లో క్లారెట్ కూడా పారింది. సేవకులు దాన్ని లాల్ షరాబ్ అనేవారు, దొరలూ ఆ మాట పట్టుకున్నారు. యూల్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన బర్నెల్ కూర్చగా 1886లో అచ్చయిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ఆ మాట చేరింది.

సుంకం తగ్గాక

మెథుయెన్ ఒప్పందం ఇచ్చిన రాయితీ 1831లో ముగిసి పోర్చుగీసు, ఫ్రెంచి వైన్ల సుంకం సమానమైంది. 1860లో ఫ్రాన్సుతో కుదిరిన ఒప్పందంతో ఆర్థికమంత్రి గ్లాడ్‌స్టన్ ఫ్రెంచి వైన్ మీద సుంకం బాగా తగ్గించాడు. తరువాత మత్తు శాతాన్ని బట్టి సుంకం వేయడంతో తేలిక వైన్లకు మరింత లాభం కలిగింది. 1861 నుంచి కిరాణా కొట్లు సీసాల్లో వైన్ అమ్మవచ్చన్నారు. గ్లాడ్‌స్టన్ క్లారెట్ అన్న పేరుతో చవక ఎర్ర వైన్ మధ్యతరగతి ఇళ్లకు చేరింది. భార్యాభర్తలు కలిసి భోజనంతో తాగే మితమైన పానీయంగా దాన్ని మెచ్చుకున్నారు. ఆడవారి గ్లాసులోకి ఎరుపు అలా చేరింది.

అదే శతాబ్దిలో షెర్రీ ఎంతో పెరిగింది, మగవారూ ఆడవారూ తాగారు. జర్మనీ రైన్ లోయ తెల్ల వైన్‌ను హోక్‌హైమ్ ఊరి పేరుతో హాక్ అనేవారు. 1845లో విక్టోరియా రాణి ఆ ఊరి తోటలు చూసింది, ఒక తోట ఆమె పేరు పెట్టుకుంది. మేలిరకం హాక్ నాటి గొప్ప బోర్డో వైన్లతో సమానమైన ధర పలికింది. క్లబ్బుల్లో కూర్చున్న మగవారు దాన్ని తక్కువగా చూడలేదు. భోజనం చివర పోర్ట్ కూజా మాత్రం మగవారి మధ్యే తిరిగింది.

ఇరవయ్యో శతాబ్ది

ఎరుపు, మగతనం జోడీ ఫ్రాన్సులో మొదటి ప్రపంచ యుద్ధంలో బలపడింది. 1914లో దక్షిణ ఫ్రాన్సులోని లాంగ్‌డాక్ రైతులు సైన్యానికి 2 కోట్ల లీటర్ల వైన్ ఇచ్చారు. సైనికుడి రోజువారీ వాటా పావు లీటరుతో మొదలై 1916లో అర లీటరుకు, 1918 నాటికి ముప్పావు లీటరుకు పెరిగింది. పినార్ అని పిలుచుకున్న ఆ ముతక ఎర్ర వైన్ కందకాల్లో చలికి, భయానికి మందు. ఇంటికి తిరిగివచ్చిన లక్షల మంది మగవారి అలవాటులో అది నిలిచిపోయింది.

రెండు ప్రపంచ యుద్ధాల తరువాత ఇంగ్లండులో ఆడవారు భోజనం బల్ల విడిచి వెళ్లే ఆచారం సన్నగిల్లింది, పోర్ట్ వెనకబడింది. 1970లు, 80లలో సూపర్ మార్కెట్లలో వైన్ కొనేవారు పెరిగాక జర్మన్ తీపి తెల్ల వైన్లు విరివిగా అమ్ముడయ్యాయి. వాటికి ఆడవారి వైన్ అన్న పేరు అంటుకుంది. 1991 నవంబర్‌లో అమెరికా టీవీలో ఫ్రెంచివారి గుండె ఆరోగ్యానికి రెడ్ వైన్‌ను ముడిపెట్టిన కార్యక్రమం వచ్చాక, అక్కడ ఎర్ర వైన్ అమ్మకాలు బాగా పెరిగాయి. గేలెన్ నాటి ‘బలమిచ్చే ఎరుపు’ కొత్త శాస్త్రం మాటల్లో తిరిగివచ్చింది. మద్యానికి సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. రంగు ఏదైనా ఆ మాట వర్తిస్తుంది.

రంగు నాలుకను ఎంతగా నడుపుతుందో 2001లో అచ్చయిన బోర్డో పరిశోధన చూపింది. వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు, వాసన లేని ఎరుపు రంగు కలిపిన వైట్ వైన్ ఇచ్చారు. వారు దాని వాసనను రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. శిక్షణ పొందిన ముక్కే రంగును చూసి తీర్పు మార్చుకుంటే, మగవారి గ్లాసు, ఆడవారి గ్లాసు అన్న తీర్పులో కంటి వాటా, అలవాటు వాటా చిన్నవి కావు.

క్లారెట్ ఒక్కటే ఇందుకు చాలిన సాక్ష్యం. 14వ శతాబ్దిలో అది రాజుగారి నేల పంట. 1779లో జాన్సన్ దృష్టిలో కుర్రవాళ్ల పానీయం. అదే కాలంలో స్కాట్లండులో స్వాభిమానానికి గుర్తు. 1860 తరువాత భార్యాభర్తలు కలిసి తాగిన మితపానం. నేడు అదే బోర్డో ఎరుపు, వగరు పట్టిన బరువైన వైన్‌గా మగవారి రుచికి ఉదాహరణ అయి కూర్చుంది.